బ్యాటరీ పోయిందా, సెన్సర్ తప్పు చెబుతోందా? హైబ్రిడ్ కారులో అసలు లోపం తేల్చడం ఎలా

హైబ్రిడ్ కారు డాష్‌బోర్డు మీద 'హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించండి' అన్న హెచ్చరిక వచ్చిందంటే శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా తర్వాత జరిగేది ఇంచుమించు ఒకటే. స్కానర్ ఉన్న షెడ్డు ఎక్కడుందో కనుక్కుని బండి తీసుకెళ్తారు. స్కానింగ్ పెడితే ఓ కోడ్ వస్తుంది. అది పి0ఏ80 అయితే పక్కనే 'హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి' అన్న అర్థం వచ్చే మాట కూడా ఉంటుంది. ఇంకేముంది, బ్యాటరీ పోయిందని ఖాయమైపోతుంది. ప్యాక్ ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

నిజానికి ఆ కోడ్ చెప్పేది చాలా చిన్న సంగతి. ప్యాక్‌లోని బ్లాకుల (కలిపి కొలిచే సెల్స్ గుంపుల) వోల్టేజీల మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ తేడా కనిపించిందని కంప్యూటర్ నమోదు చేసింది, అంతే. ఆ తేడా ఎక్కడ పుట్టిందో దానికి తెలియదు. లోపల ఒక సెల్ నిజంగానే చచ్చిపోయి ఉండొచ్చు. రాగి పట్టీ మీద చిలుము పట్టి ఉండొచ్చు. వోల్టేజ్ కొలిచే సన్నని వైరు వదులై ఉండొచ్చు. కొలిచే సర్క్యూటే తప్పు అంకె చెబుతూ ఉండొచ్చు. ఈ నాలుగింటికీ ఒకే కోడ్ రావచ్చు. మరమ్మతు ఖర్చు మాత్రం కొన్ని వేల నుంచి కొన్ని లక్షల దాకా మారిపోతుంది. ఒక్క సెన్సర్ చెప్పిన అంకెను పట్టుకుని ఏ భాగమూ మార్చకూడదు. ఆ అంకెను మిగతా సెన్సర్ల అంకెలతోనూ, బయట మనకు ముందే తెలిసిన ఏదో ఒక నిజంతోనూ పోల్చి చూసిన తర్వాతే మార్చాలి. గోటితో పోయేదానికి గొడ్డలి వాడటం, గొడ్డలి కావలసిన చోట గోటితో గీకుతూ కూర్చోవడం రెండూ జరిగేది ఈ పోలిక చూడకపోవడం వల్లే.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. వెనకాల 'హైబ్రిడ్' అని రాసి ఉన్న ప్రతి బండిలోనూ పెద్ద బ్యాటరీ ఉండదు. 2015 నుంచి మన రోడ్ల మీదికి వచ్చిన స్మార్ట్ హైబ్రిడ్ తరహా బండ్లలో ఇంజిన్‌కు కాస్త ఊతమిచ్చే చిన్న ఏర్పాటే ఉంటుంది, హై వోల్టేజ్ ఉండదు. ఇక్కడ చెప్పుకునేది ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ లాంటి మోడళ్లలో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి, అంటే పెద్ద హై వోల్టేజ్ బ్యాటరీ ఉండి కొంతసేపు దానితోనే నడవగల బండ్ల గురించి. వీటిలో హైక్రాస్‌ది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, మిగతా మూడింటివి లిథియం అయాన్. లిథియం ప్యాక్‌లో ఒక్కో సెల్ మీద నిఘా ఉంటుంది. నికెల్ ప్యాక్‌లో మాత్రం కొన్ని సెల్స్‌ను కలిపి బ్లాకులుగా కొలుస్తారు. ఉదాహరణకు టొయోటా ప్రియస్ కారు రెండో, మూడో తరం ప్యాక్ తీసుకుంటే అందులో 28 మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్‌లో 6 సెల్స్, మొత్తం 201.6 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్లు. రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాకుగా లెక్కేసి 14 బ్లాకుల వోల్టేజీలు చూస్తారు. లెక్కలు సులువుగా అర్థమవుతాయి కాబట్టి కింద చాలా చోట్ల ఈ ప్యాక్‌నే ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

బ్యాటరీ కంప్యూటర్‌కు ప్యాక్ గురించి తెలిసేది మూడు రకాల సెన్సర్ల ద్వారానే: వోల్టేజ్, కరెంట్, ఉష్ణోగ్రత. తెర మీద కనిపించే చార్జ్ గడులు వీటిలో ఏదీ కాదు. అది లెక్క కట్టి తేల్చిన అంకె. లోపలికి ఎంత కరెంట్ వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని క్షణక్షణం కూడుతూ, తీసేస్తూ పోయి, మధ్యమధ్యలో వోల్టేజ్, ఉష్ణోగ్రత చూసి సవరించుకుంటే వచ్చేదే ఆ చార్జ్ శాతం. పెట్రోల్ ట్యాంకులో ఉన్నట్టు తేలియాడే బుడగేమీ ఇందులో ఉండదు. అందువల్ల సెన్సర్‌లో కొద్దిపాటి తేడా వచ్చినా అది లెక్కలోకి చేరి పెరుగుతూ పోతుంది. కరెంట్ సెన్సర్ 1 ఆంపియర్ తప్పు చూపిస్తోందనుకుందాం. గంటసేపట్లో 1 ఆంపియర్ అవర్ తేడా. 6.5 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో అది దాదాపు 15 శాతం. ప్యాక్‌ను మామూలుగా 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతారు కాబట్టి 15 శాతం తేడా అంటే మాటలు కాదు. సవరణలు ఉంటాయి గనక నిజంగా గంటకు అంత తప్పూ పేరుకోకపోవచ్చు. కానీ శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లేలోపు గడులు ఉన్నట్టుండి పడిపోవడం, మళ్లీ లేవడం చూసి 'బ్యాటరీలో పస లేదు' అనేసే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలి.

పెద్ద బ్యాటరీ దాకా వెళ్లకముందే చూడాల్సింది చిన్నదాన్ని. హైబ్రిడ్‌లోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్లు, రిలేలు, సెన్సర్లు అన్నీ దాని మీదే బతుకుతాయి. అది నీరసించిందంటే బండి నానా మాటలూ మాట్లాడుతుంది. ఫలానా కంప్యూటర్ జవాబివ్వడం లేదని యు0111 లాంటి కోడ్, సిస్టమ్ వోల్టేజ్ బాగాలేదని పి0560, వాటి వెంట మరో నాలుగైదు. ఒకేసారి సంబంధం లేని కోడ్లు గుంపుగా పడ్డాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఉద్యోగాల కోసం బయట ఉంటూ సంక్రాంతికో, రథసప్తమికో ఊరొచ్చే కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో. నెలల తరబడి కవరు కప్పి పెట్టిన బండిని పండగ ముందు రోజు తీస్తే వచ్చే సమస్యల్లో చాలావరకు ఈ చిన్న బ్యాటరీవే. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12కి దిగిందంటే అది ఖాళీ కిందే లెక్క. బండి 'రెడీ'లోకి (కదలడానికి సిద్ధమని డాష్‌బోర్డు చూపే స్థితిలోకి) వచ్చాక 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. హైబ్రిడ్‌లో ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద ప్యాక్ నుంచి కన్వర్టర్ ద్వారా చిన్న బ్యాటరీ నిండుతుంది. రెడీలో కూడా 12 దగ్గరే ఆగిపోతే కన్వర్టర్ వైపు చూడాలి. ఇంకోటి, చవక బ్లూటూత్ స్కానర్‌ను పోర్టులో గుచ్చి అలాగే వదిలేసేవాళ్లు ఉన్నారు. ఈ బ్యాటరీని పీల్చేసేది ఒక్కోసారి అదే.

అలా నెలలు ఆగిన బండిలో నికెల్ ప్యాక్ అయితే మరో సంగతి కూడా ఉంటుంది. నికెల్ సెల్స్ వాడకపోయినా వాటంతటవే చార్జ్ కోల్పోతాయి, అదీ అన్నీ ఒకేలా కోల్పోవు. బ్లాకుల మధ్య తేడా వస్తుంది, కోడ్ పడుతుంది. అప్పుడు సెన్సరూ బాగుంటుంది, సెల్సూ బాగుంటాయి. సమతుల్యం తప్పిందంతే. తిరిగి సమం చేయడానికి పద్ధతులున్నాయి.

ఉష్ణోగ్రత సెన్సర్ల సంగతి తేల్చడం అన్నింటికన్నా సులువు. వీటిలో వాడే థర్మిస్టర్ వేడి పెరిగేకొద్దీ తన నిరోధాన్ని తగ్గించుకుంటుంది. వైరు తెగితే నిరోధం అనంతం అన్నమాట, కంప్యూటర్ దాన్ని విపరీతమైన చలిగా చదువుతుంది. మైనస్ 40 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ అని చూపిస్తుంది. ఎచ్చెర్లలో మైనస్ 40 ఎప్పుడూ రాదు కాబట్టి అక్కడ వాదించడానికేమీ లేదు, వైరో కప్లరో ఊడింది. వైర్లు రెండూ ఒకదానికొకటి తగిలితే దానికి వ్యతిరేకంగా బ్యాటరీ ఉడికిపోతున్నట్టు చూపిస్తుంది. కోడ్ల పేర్లలో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పి0ఏ9డి అంటే టెంపరేచర్ సెన్సర్ 'సర్క్యూట్ లో' (ఇంగ్లిష్ 'లో', అంటే తక్కువ). చదివినవాళ్లు ఉష్ణోగ్రత తక్కువని అనుకుంటారు. తక్కువైంది సర్క్యూట్ వోల్టేజ్, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం బ్యాటరీ మండిపోతోంది. పి0ఏ9ఈ దానికి తలకిందులు.

కోడ్ పడకుండానే సెన్సర్ పది డిగ్రీలు తప్పు చెబుతుంటే మాత్రం పట్టుకోవడం కొంచెం కష్టం. దానికి మంచి పరీక్ష, ఖర్చు లేనిది, తెల్లవారుజామున చేసేది. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున్నే ఇగ్నిషన్ ఆన్ చేసి, రెడీలోకి వెళ్లకముందే ప్యాక్‌లోని అన్ని ఉష్ణోగ్రతలూ చదవాలి. మే నెలలో బయట 28 డిగ్రీలుంటే అవన్నీ ఒకటి రెండు డిగ్రీల తేడాతో దాని చుట్టూనే ఉండాలి. రెండు 29, 30 చూపించి మూడోది 41 అందంటే తప్పు ఆ మూడోదానిదే, బ్యాటరీది కాదు. అదే పరీక్ష మధ్యాహ్నం బండి తిరిగొచ్చాక చేస్తే ఏమీ తేలదు. ప్యాక్ మధ్యలో ఉన్న మాడ్యూళ్లు అంచుల కన్నా వేడిగా ఉండటం సహజమే కాబట్టి, అప్పటి తేడా సెన్సర్‌దో వేడిదో చెప్పలేం. షెడ్లలో చాలాసార్లు జరిగేది మాత్రం ఇదే, ఎండలో వచ్చిన బండికి వచ్చినట్టే స్కానింగ్ పెట్టేస్తారు.

నిజంగానే వేడెక్కిన ప్యాక్‌ను చూసి సెన్సర్‌ను తప్పుబట్టే పొరపాటు కూడా ఉంది. గాలితో చల్లబడే ప్యాక్‌లకు బండి లోపలి గాలిని పీల్చే జాలీ ఒకటి ఉంటుంది. మోడల్‌ని బట్టి సీటు కిందో, పక్కనో. అరసవల్లి దర్శనానికి కుటుంబమంతా బయల్దేరిందంటే సంచులు, దుప్పట్లు, పిల్లల బట్టలు అన్నీ ఆ జాలీకి ఆనించి సర్దేస్తారు. తర్వాత పార్కింగ్‌లో ఏసీ వేసుకుని గంటసేపు కూర్చుంటారు. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీతోనే తిరుగుతుంది. బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజిన్ లేచి నింపుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ వచ్చిపోయే కరెంటుతో ప్యాక్ వేడెక్కుతుంది, గాలి మాత్రం ఆడదు. హెచ్చరిక వస్తుంది. సెన్సర్ ఇక్కడ తన పని తాను సక్రమంగా చేసింది. జాలీ వెనక ఫిల్టర్ ఉంటే దాన్ని దులిపి, ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము తుడిపిస్తే పోయే సమస్య అది. ఫ్యాను సరిగ్గా తిరగడం లేదని పి0ఏ82 కూడా తోడొస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు చిక్కంతా వోల్టేజ్ దగ్గర ఉంది. కాస్త నిదానంగా చూడాల్సింది కూడా ఇక్కడే.

మాడ్యూళ్లను ఒకదానికొకటి కలిపేవి రాగి పట్టీలు. ఆ పట్టీల బోల్టుల దగ్గర నుంచే సన్నని సెన్సింగ్ వైర్లు బయల్దేరి బ్యాటరీ కంప్యూటర్‌కు వెళ్తాయి. ఒక్కో వైరు రెండు బ్లాకుల సరిహద్దు దగ్గర ఉంటుంది. అంటే అది కింది బ్లాకుకు చివర, పై బ్లాకుకు మొదలు. ఉప్పు, తేమ కలిసిన గాలి ప్యాక్‌లోకి చేరితే రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ, విజయనగరం వైపు చింతపల్లి తీరం, ఇలాంటి చోట్ల గేట్లకూ కిటికీ ఊచలకూ ఏమవుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ప్యాక్‌ను చల్లబరచడానికి పీల్చేదీ ఆ గాలినే. చాలామంది కిటికీలు దించుకుని బీచ్ రోడ్డు మీద తిరగడం ఇష్టపడతారు, తప్పేమీ లేదు, కానీ ఏళ్ల తరబడి అలా తిరిగిన బండి ప్యాక్ మూత తీస్తే పట్టీలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ చిలుము ఎక్కడ పట్టిందన్న దాన్ని బట్టి అంకెల్లో కనిపించే రూపం మారిపోతుంది. తెలిసిన చేతులకు ప్యాక్ విప్పకముందే జాడ దొరికేది ఇక్కడే.

సెన్సింగ్ వైరు కొసన చిలుము పట్టిందనుకుందాం. ఆ వైరు ద్వారా తెలిసే వోల్టేజ్ కాస్త అటో ఇటో జరుగుతుంది. అది రెండు బ్లాకుల సరిహద్దు కాబట్టి ఒక బ్లాకు ఎంత తక్కువ చూపిస్తుందో, పక్క బ్లాకు సరిగ్గా అంత ఎక్కువ చూపిస్తుంది. ఆరో బ్లాకు 15.0 వోల్టులు, ఏడో బ్లాకు 16.4, మిగతావన్నీ 15.7 అని వస్తే ఆరు, ఏడు కలిపితే 31.4. మామూలు రెండు బ్లాకుల మొత్తం కూడా అంతే. మొత్తం సరిపోయి పంపకం తప్పిందంటే బ్యాటరీలో లోపం లేదు, ఆ సరిహద్దు వైరులో ఉంది. ఈ తప్పు బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది.

చిలుము పట్టీకీ, మాడ్యూల్ టెర్మినల్‌కూ మధ్య పట్టిందనుకుంటే కథ వేరు. కరెంట్ పారనంత సేపు అంకెలన్నీ ఒకేలా, చక్కగా ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఆ బ్లాకు మిగతావాటికన్నా ఎక్కువ దిగుతుంది. బ్రేకు వేసి చార్జ్ ఎక్కుతుంటే మిగతావాటికన్నా ఎక్కువ లేస్తుంది. అతుకులో 5 మిల్లీ ఓమ్‌ల అదనపు నిరోధం చేరితే 100 ఆంపియర్ల దగ్గర అర వోల్టు తేడా, దాంతోపాటు ఆ ఒక్కచోటే 50 వాట్ల వేడి. ఆ వేడికి బోల్టు చుట్టూ ప్లాస్టిక్ రంగు మారడం, వైరు తొడుగు పెళుసుబారడం మొదలవుతుంది.

మాడ్యూల్‌లో ఒక సెల్ పూర్తిగా పోతే ఇంకో రూపం. ఆ బ్లాకు ఎప్పుడూ, కరెంట్ పారినా పారకపోయినా, దాదాపు 1.2 వోల్టులు తక్కువ చూపిస్తుంది. పక్క బ్లాకు ఆ మేరకు పెరగదు. మొత్తం ప్యాక్ వోల్టేజ్ కూడా అంత తగ్గి ఉంటుంది. అప్పుడు మాత్రం సెన్సర్‌ను నిందించి లాభం లేదు, మాడ్యూల్ పోయింది.

సెల్ ముసలిదైనప్పటి రూపం కూడా చిలుము పట్టిన అతుకు లాగే ఉంటుంది: కరెంట్ లాగితే ఎక్కువ దిగుతుంది, నింపితే ఎక్కువ లేస్తుంది. ఈ రెండింటినీ స్కానర్ మీద విడదీయడం కష్టం. ఒక గుర్తు ఏమిటంటే, అతుకు సమస్య అయితే కరెంట్ ఆగిన వెంటనే వోల్టేజ్ యథాస్థానానికి వచ్చేస్తుంది. ముసలి సెల్ నెమ్మదిగా, కాసేపు పట్టి కోలుకుంటుంది. ఇది కూడా నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గదేమీ కాదు. చివరికి ప్యాక్ మూత తీసి కంటితో చూసి, పట్టీలు శుభ్రం చేసి, చెప్పిన బిగింపుతో బోల్టులు బిగించి మళ్లీ కొలవాల్సిందే. అందుకే కొత్త ప్యాక్ కొనమని చెప్పే ముందు పాత ప్యాక్ పట్టీల ఫొటో చూపించమని అడగడం ఏ యజమానికైనా న్యాయమైన కోరికే. అడిగితే విసుక్కునే చోట ఆ పని చేయించుకోకపోవడమే మంచిది.

కరెంట్ సెన్సర్ ఒకటే, అందుకే దాన్ని తన తోటివాటితో పోల్చలేం. ప్యాక్ నుంచి వచ్చే పెద్ద కేబుల్ చుట్టూ ఉండే ఈ హాల్ సెన్సర్ కేబుల్‌ను తాకకుండానే అందులో పారే కరెంటును అయస్కాంత క్షేత్రం ద్వారా పసిగడుతుంది. ప్రియస్ తరహా ఏర్పాటులో ఇది 0 నుంచి 5 వోల్టుల మధ్య సంకేతం పంపుతుంది. సరిగ్గా 2.5 అంటే కరెంట్ సున్నా. అంతకన్నా ఎక్కువైతే బ్యాటరీ ఖర్చవుతోంది, తక్కువైతే నిండుతోంది. దీనికి తెలిసిన నిజం ఒకటుంది: ఇగ్నిషన్ ఆన్ చేసి రెడీలోకి వెళ్లకుండా ఉంటే ప్రధాన రిలేలు (ప్యాక్‌ను మిగతా బండితో కలిపే స్విచ్‌లు) తెరిచే ఉంటాయి, కేబుల్‌లో కరెంట్ పారే దారే లేదు. అప్పుడు కూడా 2 ఆంపియర్లు అని చూపిస్తే సెన్సర్ తప్పు చెబుతోందని తేలిపోయినట్టే. వేడెక్కాకే తప్పు చెప్పడం మొదలుపెట్టే సెన్సర్ కూడా ఉంటుంది కాబట్టి పొద్దున ఒకసారి, బాగా తిరిగొచ్చాక ఒకసారి చూడాలి.

రెండో దారి వోల్టేజ్‌తో పోల్చడం. బ్యాటరీ లోంచి కరెంట్ లాగితే వోల్టేజ్ దిగాలి, నింపితే లేవాలి. ఇది ఏ కంపెనీ మాన్యువల్‌తోనూ పని లేని సూత్రం. ఒక్కో బ్లాకు నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే 50 ఆంపియర్లకు 1 వోల్టు దిగాలి. కరెంట్ 50 అని చూపిస్తూ ఒక్క బ్లాకు వోల్టేజ్ కూడా కదలకపోతే కరెంట్ అంకె అబద్ధం. అన్ని బ్లాకులూ దిగుతున్నా కరెంట్ సున్నా దగ్గరే ఉంటే అదీ అబద్ధమే. అన్ని బ్లాకులూ ఒకే మాదిరిగా రెండేసి వోల్టులు దిగితే మాత్రం ఆగి ఆలోచించాలి. కరెంట్ సెన్సర్ నిజమైన 100 ఆంపియర్లను 50గా చూపిస్తోందా, లేక ప్యాక్ మొత్తం ముసలిదైందా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలదు. పద్నాలుగు బ్లాకులూ ఒకే రోజున, ఒకే మోతాదులో ముసలివి కావడం అరుదు కాబట్టి అనుమానం ముందు సెన్సర్ మీదికే పోవాలి. క్లాంప్ మీటర్‌తో కొలిస్తే అదీ తేలుతుంది, ఆ పని శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. ఇంకో విచిత్రమైన కేసు కూడా ఉంది. ఎవరో ప్యాక్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు సెన్సర్‌ను తిరగేసి పెడతారు. అప్పుడు బ్యాటరీ నిండుతుంటే ఖర్చవుతున్నట్టు, ఖర్చవుతుంటే నిండుతున్నట్టు లెక్క నడుస్తుంది. వోల్టేజ్ లేస్తూ కరెంట్ బయటికి పోతున్నట్టు కనిపించిందంటే మొదట అడగాల్సింది 'ఈ మధ్య ఈ ప్యాక్ ఎవరు విప్పారు?' అని.

ఇక్కడి బండ్లకు ఉన్న ప్రత్యేక ఇబ్బంది ఒకటుంది. లోపం ఒకచోట కనిపిస్తుంది, పరీక్ష ఇంకోచోట జరుగుతుంది. ఇచ్ఛాపురం నుంచి నరసన్నపేట, రణస్థలం మీదుగా వెళ్లే జాతీయ రహదారి చాలావరకు చదునే. అక్కడ హైబ్రిడ్ ప్యాక్‌కు పెద్ద పరీక్షేమీ ఎదురు కాదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి దిగేటప్పుడు మాత్రం అసలు రంగు బయటపడుతుంది. ఎక్కేటప్పుడు ప్యాక్ బాగా ఖర్చవుతుంది. దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా నిండుతూ నిండుతూ పై హద్దుకు చేరుతుంది. ఆ తర్వాత కారు కరెంటును తీసుకోవడం మానేసి ఇంజిన్‌తో వేగం ఆపుతుంది. ఇంజిన్ ఉన్నట్టుండి గట్టిగా మోగేసరికి చాలామంది కంగారు పడతారు, అది మామూలే. చిలుము పట్టిన అతుకు, వేడెక్కితే తప్పు చెప్పే సెన్సర్ నోరు విప్పేది ఇలాంటి చోటే. కానీ ప్యాక్ విప్పే పని పడితే బండిని విశాఖ తీసుకెళ్లేవాళ్లే ఎక్కువ. చల్లని వర్క్‌షాప్‌లో ఎత్తు మీద నిలబెట్టిన బండిలో ఆ లోపం కనిపించదు. 'ఇప్పుడంతా బాగానే ఉంది సార్' అని తిరిగి ఇచ్చేస్తారు. మరుసటి వారం మళ్లీ లైటు.

ఆ లైటు వెలిగిన క్షణంలో ఏం జరుగుతోందో రాసిపెట్టుకోవడమే దీనికి మందు: ఎక్కుతున్నామా దిగుతున్నామా, ఏసీ ఉందా, వర్షమా ఎండా, ఎంతమంది ఉన్నారు, అప్పటికి ఎంతసేపు నడిచింది. డాష్‌బోర్డు ఫొటో ఒకటి తీసి ఉంచుకుంటే మరీ మంచిది. కారు కూడా తన వంతుగా ఆ క్షణపు అంకెలను ఫ్రీజ్ ఫ్రేమ్ అన్న పేరుతో దాచి ఉంచుతుంది. అందులో కోడ్ పడినప్పటి వోల్టేజ్, కరెంట్, ఉష్ణోగ్రత, వేగం ఉంటాయి. దారిలో ఎవరైనా 'కోడ్ కొట్టేస్తాను, లైటు పోతుంది' అని స్కానర్ తీశారంటే ఆ సాక్ష్యమంతా చెరిగిపోతుంది. ఇంటికి చేరాలన్న తొందరలో ఒప్పుకోవాలనిపిస్తుంది. కనీసం ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరను ఫోన్‌తో ఫొటో తీయనివ్వాలి. మామూలు స్కానర్లలో ఇంజిన్ కోడ్లే వస్తాయి, బ్లాకుల వోల్టేజీలు కనిపించాలంటే ఆ కంపెనీ డేటా చదవగలిగే స్కానర్ ఉండాలి. బ్లాకులు చూడకుండా 'బ్యాటరీ పోయింది' అన్న మాట చెప్పడం సాధ్యం కాదు.

బ్యాటరీ లోపంలా కనిపించి, బ్యాటరీతో సంబంధం లేకుండానే రాగల లోపాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పి0ఏఏ6, హై వోల్టేజ్ బండి బాడీకి లీకవుతోందన్న కోడ్. తుపాను వానల్లో నీళ్లలో నిలిచిన బండికి ఇది రావడం అర్థం చేసుకోదగ్గదే. ఎండాకాలంలో వస్తే మాత్రం 'ఈ మధ్య ఏసీ గ్యాస్ పట్టించారా?' అని అడగాలి. హైబ్రిడ్ ఏసీ కంప్రెసర్‌లో హై వోల్టేజ్ మోటారు ఆయిల్‌లో మునిగి ఉంటుంది. దానికి కరెంట్ పారనివ్వని ప్రత్యేకమైన ఆయిల్ వాడాలి. మామూలు కార్లకు పోసే పీఏజీ ఆయిల్ కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని ఈ కోడ్ పడొచ్చు. గ్యాస్ పట్టించిన కొద్ది రోజులకు 'హైబ్రిడ్ సిస్టమ్' హెచ్చరిక వస్తే ఎవరికీ ఆ రెండింటికీ ముడి పెట్టాలనిపించదు, పాపం బ్యాటరీ నింద మోస్తుంది.

ఇక ఎలుకలు. కోతలయ్యాక కళ్లాల దగ్గర, ధాన్యం బస్తాలున్న సావిట్లో పెట్టిన బండిలోకి ఇవి దూరతాయి. సెన్సింగ్ వైర్లు సన్నగా, కొరకడానికి వీలుగా ఉంటాయి. మైనస్ 40 డిగ్రీలు చూపించే సెన్సర్ వెనక చాలాసార్లు ఉండేది ఒక తెగిన వైరు, నాలుగు ఎలుక పెంటికలు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే హైబ్రిడ్ మెకానిక్‌కు అక్షరాలా నిజం.

ఇవన్నీ చదివి సొంతంగా ప్యాక్ విప్పుదామనుకుంటే అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పైన చెప్పిన పరీక్షల్లో స్కానర్ మీద అంకెలు చదవడం, 12 వోల్టుల బ్యాటరీ కొలవడం, జాలీ దులపడం వరకే యజమాని పని. నారింజ రంగు తొడుగున్న ఏ వైరునూ తాకకూడదు. శిక్షణ ఉన్నవాళ్లు కూడా సర్వీస్ ప్లగ్ (ప్యాక్ సర్క్యూట్‌ను మధ్యలో తెంపేది) తీసి, ఇన్వర్టర్ కెపాసిటర్లలో చార్జ్ దిగడానికి పది నిమిషాలు ఆగి, వెయ్యి వోల్టులకు తట్టుకునే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మీటర్‌తో సున్నా చూశాకే చేయి పెడతారు. సర్వీస్ ప్లగ్ తీసినా ప్యాక్ లోపల మాడ్యూళ్లలో చార్జ్ అలాగే ఉంటుంది. వాటి కొసల మధ్య వంద వోల్టులకు పైగా కూడా ఉండొచ్చు, అది చంపడానికి చాలు. ఇంటి కరెంటు పనిలో ఎంత అనుభవమున్నా ఇది వేరే పని. ఇళ్లలోని కరెంటుకు అలవాటుపడిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

వారంటీ కాగితం కూడా ఒకసారి బయటికి తీయాలి. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు వారంటీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఈ ప్రాంతంలో తిరిగే స్ట్రాంగ్ హైబ్రిడ్ బండ్లు చాలావరకు 2022 తర్వాతివే, అంటే వాటిలో ఎక్కువ భాగం ఇంకా ఆ లోపే ఉంటాయి. బయట షెడ్డులో ప్యాక్ మూత తీయించుకుంటే ఆ హక్కు చిక్కుల్లో పడొచ్చు. వారంటీ ఉన్నంత కాలం బ్లాకుల అంకెలు, ఫొటోలు, తేదీలు సమకూర్చుకుని కంపెనీ వర్క్‌షాప్ ముందు పెట్టడమే తెలివైన పని. వారంటీ దాటాక ఒక్క మాడ్యూల్ మార్చి నెట్టుకురావడం గురించి కూడా ఆలోచించొచ్చు గానీ, పాత వాటి మధ్య కొత్తది పెడితే వాటి సామర్థ్యాలు కలవవు. కొన్నాళ్లకు పక్కది మొరాయిస్తుంది. వాడిన ప్యాక్‌లోంచి తీసిన, కొలిచి జత కుదిర్చిన మాడ్యూల్ పెడితే కొంత నయం.

సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనేవాళ్లకు ఇదంతా ఇంకో కోణంలో పనికొస్తుంది. అమ్మే ముందు కోడ్ చెరిపేసి లైటు ఆర్పిన బండిని కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. మామూలు చవక స్కానర్‌లో కూడా 'కోడ్లు చెరిపాక తిరిగిన దూరం' అన్న అంకె ఉంటుంది. 60,000 కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆ అంకె 35 కిలోమీటర్లు అని చూపించిందంటే, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర బేరానికి రాకముందే ఎవరో స్కానర్ పెట్టారన్నమాట. స్వయంపరీక్షలు ఇంకా పూర్తి కాలేదన్న గుర్తులు కూడా అక్కడే కనిపిస్తాయి. అలాంటి బండిని ఒక రాత్రి ఆపి ఉంచి, పొద్దున్నే ఉష్ణోగ్రతలు చూసి, నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి గంటసేపు తిప్పి, ఆ మధ్యలో బ్లాకుల వోల్టేజీలు రికార్డు చేసుకోనిస్తేనే బేరం. ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోవడమే.